అలవాటు మారిందట, అందుకే మనం అక్కర్లేదట

(విజయవాడలో బట్టల దుకాణాల సిబ్బంది ఒక ఆదివారం సాయంత్రం కలుసుకున్నప్పుడు, ఆ పనిలోనే జుట్టు నెరిసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు కూర్చోండమ్మా, వెనకాల నిలబడ్డవాళ్లు కూడా. కుర్చీలున్నాయి. చూశారా, కుర్చీ చూపించినా కూర్చోవడానికి మొహమాటపడుతున్నాం. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా నిలబడే బతుకు కదా. కేరళలో 2018లో చట్టం మార్చారు, తెలుసా? దుకాణంలో పనిచేసే మనిషికి కూర్చునే వీలుండాలని. కోళికోడ్‌లో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం అది. 2021లో తమిళనాడు కూడా చట్టం మార్చింది. కుర్చీ కోసం చట్టం! సరే, ఆ కథ ఇంకో రోజు.

నేను పంతొమ్మిదో ఏట వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో చేరాను. అప్పుడు కౌంటర్లు ఎక్కడివి? కింద పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. చెప్పులు బయట విడిచి రావాలి. కొనేవాళ్లూ కిందే, మేమూ కిందే. కూర్చునే అమ్మేవాళ్లం. నిలబడటమనేది షోరూములొచ్చాక వచ్చింది, అది గుర్తుపెట్టుకోండి. మా సీనియర్ ఒకాయన నాకు చీర విప్పడం నేర్పడానికి ఆరు నెలలు తీసుకున్నాడు. నవ్వకండి, నిజం. చీర విప్పితే పైటకొంగు సరిగ్గా వెళ్లి అమ్మగారి ఒళ్లో పడాలి. అక్కడ పడిందా, ఆవిడ చెయ్యి దానంతటదే దాని మీదకు వెళ్తుంది. చెయ్యి పడిన చీర సగం అమ్ముడైనట్టే. ముప్పై చీరలు విప్పిస్తారు, ఒకటి కొంటారు, ఒక్కోసారి అదీ కొనరు. మిగతా ఇరవైతొమ్మిదీ మళ్లీ అదే మడతలో మడత పెట్టాలి. మడత తప్పితే రెండో రోజుకు పాత చీరలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఏం జరుగుతోంది? మీకే తెలుసు. అమ్మాయి వస్తుంది, ముప్పై చీరలూ విప్పిస్తుంది, ఒకటి నచ్చుతుంది. ఫోన్ తీసి ఫొటో కొడుతుంది. "అన్నా, మా అక్కకి చూపించి వస్తా" అంటుంది. ఏ అక్కకి చూపిస్తుందో మనకు తెలీదా? ఆ రాత్రి ఫోన్లో ఐదారు వందలు తక్కువకి అదే రంగు, అదే బోర్డరు దొరుకుతుంది. లేకపోతే ఇంట్లోంచే లైవ్‌లో చీరలు అమ్మే ఆవిడ ఎవరో "ఫస్ట్ మెసేజ్ పెట్టినవాళ్లకే" అంటుంటే, అక్కడ బుక్ చేసేస్తుంది. ఆ అమ్మాయిని తిట్టుకుని లాభం లేదు. మన ఇళ్లలో పిల్లలూ అదే చేస్తున్నారు. మా ఇంట్లో అయితే నేనే చేశాను, పోయినసారి దసరాకి. చొక్కా.

అందుకని, ఉద్యోగాలు తీసేసేటప్పుడు ఎక్కడైనా ఒకటే మాట చెబుతారు. "కస్టమర్ల అలవాట్లు మారాయి." ఇక్కడైనా ఇదే, లండన్‌లో అయినా ఇదే. ఈ మాట అబద్ధం కాదు. కానీ సగమే. ఆ రెండో సగం గురించి మాట్లాడదామనే వచ్చాను. దానికి నేను కళ్లారా చూసిన ఒక దుకాణం కథ చెబుతాను. అది మన ఊరిది కాదు. మన ఊరి కథ చెబితే మీరు నన్ను వదిలేసి ఆ యజమాని గురించి మాట్లాడుకుంటారు.

2019లో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లాను. నాటింగ్‌హామ్ ఊరు. ఊరి మధ్యలో పెద్ద చౌకు, పక్కనుంచి ట్రామ్ వెళ్తుంది. ఆ చౌకుకు ఎదురుగా డెబెనమ్స్ అనే పెద్ద బట్టల దుకాణం. అందులోకి వెళ్లి నేను బట్టలు చూడలేదు, మనుషుల్ని చూశాను. మనకి ఆ జబ్బు పోదు కదా. యాభై, అరవై ఏళ్ల ఆడవాళ్లు చాలామంది పనిలో ఉన్నారు. ఒకావిడ ఒక ముసలాయనకి కోటు తొడిగి, వెనక్కి నాలుగడుగులు వేసి, తల అటూ ఇటూ తిప్పి చూసి, అది తీసేసి ఇంకో సైజు తెచ్చింది. ఆయన అడగలేదు. ఆవిడే తెచ్చింది. ఇది సేల్స్ అంటే. భాష రాకపోయినా అర్థమైంది నాకు.

2022లో మళ్లీ వెళ్లాను. తలుపులు మూసి ఉన్నాయి. అద్దాల్లోంచి లోపలికి చూస్తే ఖాళీ.

ఆ కంపెనీ వేళ్లు ఎప్పటివంటే, 1778. లండన్‌లో విగ్‌మోర్ స్ట్రీట్ అనే వీధిలో ఒకాయన పెట్టిన బట్టల కొట్టు అది. 1813లో డెబెనమ్ అనే ఆయన డబ్బు పెట్టి వాటాదారుగా చేరాడు, తర్వాత ఆ పేరే మిగిలింది. మన దగ్గర టిప్పు సుల్తాన్ ఉన్న రోజుల్లో తెరిచిన కొట్టు. రెండు ప్రపంచ యుద్ధాలు దాటింది. 2021 మే 15న ఆఖరి షాపులు మూసేశారు. మూత ఖాయమైననాటికి వందకు పైగా దుకాణాలు, 12,000 మంది ఉద్యోగులు. కారణం ఏం చెప్పారు? కరోనా, ఆన్‌లైన్, అలవాట్లు.

అలవాటు మారిన మాట నిజమే, లెక్క కూడా చెబుతాను. బ్రిటన్‌లో 2006లో జనం దుకాణాల్లో ఖర్చుపెట్టే ప్రతి వంద పౌండ్లలో ఆన్‌లైన్‌కి వెళ్లింది మూడు పౌండ్లు. 2020 మొదట్లో, ఇంకా కరోనా ముదరకముందు, అది ఇరవై దగ్గరికి వచ్చింది. 2021 జనవరిలో, షాపులన్నీ మూసి ఉన్నప్పుడు, మూడో వంతు దాటింది. చిన్న మార్పు కాదు. మార్క్స్ అండ్ స్పెన్సర్ అని ఇంకో పెద్ద కంపెనీ, దివాలా తీయకుండానే 2020 ఆగస్టులో ఏడు వేల ఉద్యోగాలు తీసేస్తామని చెప్పింది. జనం కొనే తీరు మారింది, ఇది మళ్లీ వెనక్కి రాదు అన్నది.

సరే. మరి ప్రైమార్క్ సంగతేంటి? ప్రైమార్క్ అని అక్కడ చౌక బట్టల షాపు ఉంది. ఆ రోజుల్లో దానికి ఆన్‌లైన్ అమ్మకమే లేదు. అసలు లేదు. లాక్‌డౌన్‌లో నెలకి 65 కోట్ల పౌండ్ల అమ్మకం ఒక్క దెబ్బకి సున్నా అయింది. అందరూ ఇక అయిపోయిందనుకున్నారు. షాపులు తెరిచిన రోజు పొద్దున్నే, మన దగ్గర ఆషాఢం సేల్‌కి నిలబడ్డట్టు, జనం క్యూ కట్టారు. అదే దేశం, అదే జనం, అవే ఫోన్లు చేతుల్లో. అలవాటు మారిన కస్టమర్లు అక్కడెందుకు నిలబడ్డారు? ఆలోచించండి.

ఆషాఢం అన్నాను కదా, ఒక్క మాట. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బేరాలుండవు. పాత మాల్ వదిలించుకోవడానికి మొదలెట్టింది ఆ సేల్. ఇప్పుడు? శ్రావణమొస్తే శ్రావణం ఆఫర్, తర్వాత దసరా ఆఫర్, దీపావళి ఆఫర్, సంక్రాంతి ఆఫర్, ఆ మధ్యలో వార్షికోత్సవం. అసలు ధరకి కొనేవాడు ఎవడైనా ఉన్నాడా? డెబెనమ్స్ వాళ్లు కూడా ఇదే పని చేశారు. బ్లూ క్రాస్ సేల్ అని ఒకటి పెట్టి, ఎప్పుడు చూసినా తగ్గింపే. జనం ఏం నేర్చుకున్నారు? ఈవారం కొనక్కర్లేదు, ఆగితే తగ్గిస్తారని. ఆగడం అలవాటు చేసింది ఎవరు? ఫోన్ రాకముందే ఆ అలవాటు దుకాణమే చేసింది. ఆగేవాడి చేతికి తర్వాత ఫోన్ వచ్చింది, అంతే. మనం కౌంటర్లో నిలబడి "వచ్చే వారం ఆఫర్ ఉందండీ" అని మన నోటితో మనమే చెప్పాం. నేను చెప్పాను. మీరు చెప్పలేదా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాస్త లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

2003 చివర్లో డెబెనమ్స్‌ని మూడు పెట్టుబడి సంస్థలు కలిసి కొన్నాయి. వీళ్లు బట్టల వ్యాపారం చేసేవాళ్లు కాదు. కంపెనీలు కొని, కొన్నాళ్లు ఉంచుకుని, అమ్మేవాళ్లు. 2005లో ఆ కంపెనీకి సొంతంగా ఉన్న 23 దుకాణాల భవనాలను అమ్మేశారు. 49.5 కోట్ల పౌండ్లు వచ్చాయి. అమ్మి ఏం చేశారు? అదే భవనాల్లో అద్దెకి ఉన్నారు. ఎన్నాళ్లకి? ముప్పై, ముప్పై అయిదేళ్ల అద్దె ఒప్పందం. సొంతిల్లు అమ్మేసి, ఆ ఇంట్లోనే ముప్పై అయిదేళ్లకి అద్దె రాసిచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? పోనీ, ఆ డబ్బు దుకాణంలో పెట్టారా? మూడేళ్లు తిరక్కముందే ఆ పెట్టుబడిదారులు డివిడెండ్ కింద తీసుకున్నది మొత్తం 120 కోట్ల పౌండ్లు. 2006లో కంపెనీని మళ్లీ షేర్ మార్కెట్‌లో పెట్టారు, నెత్తిన వంద కోట్లకు పైగా అప్పుతో.

ఇప్పుడు చెప్పండి. అప్పూ అద్దే రెండూ భుజాన ఉన్నవాడు పరిగెత్తగలడా? ఆన్‌లైన్ వస్తోందని వాళ్లకి తెలీదా? తెలుసు. వెబ్‌సైట్ కూడా పెట్టారు. చిన్న షాపుకి మారదామంటే అద్దె ఒప్పందం ఇంకా ఇరవై ఏళ్లుంది. షాపుల్ని బాగుచేద్దామంటే వచ్చింది వచ్చినట్టు వడ్డీకే పోతుంది. ప్రైమార్క్‌కీ దీనికీ కస్టమర్లలో తేడా లేదు. తేడా ఖాతా పుస్తకంలో ఉంది. కానీ ఉద్యోగం పోయిన రోజున ఖాతా పుస్తకం ఎవరూ తెరిచి చూపించరు. "అలవాట్లు" అంటారు. అలవాటు మీద కేసు పెట్టలేం కదా!

కూలిపోవడం కూడా ఎంత తొందరగా జరిగిందో చూడండి. 2020 నవంబర్ 30న ఆర్కేడియా అనే ఇంకో బట్టల గ్రూపు చేతులెత్తేసింది. టాప్‌షాప్ లాంటి బ్రాండ్లు దానివే. 13,000 మంది ఉద్యోగులు. ఆర్కేడియా బట్టలకి డెబెనమ్స్ షాపుల్లో కౌంటర్లుండేవి. మన షోరూముల్లో ఒక మూల వెండి సామాన్ల కౌంటర్ వేరేవాళ్లకి ఇస్తారే, అలా. అవి పోతాయనగానే, డెబెనమ్స్‌ని కొందామని మాట్లాడుతున్న కంపెనీ తెల్లారేసరికి తప్పుకుంది. డిసెంబర్ 1న డెబెనమ్స్ మూత ఖాయమైంది. రెండు రోజులు, పాతిక వేల ఉద్యోగాలు. క్రిస్మస్ ముందు. మనకి సంక్రాంతి ముందు అన్నట్టు.

ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా? నాకు రాత్రి నిద్ర పట్టనిది ఈ ముక్కే. డెబెనమ్స్‌ని బూహూ అనే ఆన్‌లైన్ బట్టల కంపెనీ కొన్నది, 2021 జనవరిలో, 5.5 కోట్ల పౌండ్లకి. ఏం కొన్నది? పేరు, వెబ్‌సైట్. దుకాణాలు వద్దంది. మనుషులు వద్దంది. టాప్‌షాప్‌ని ఏసాస్ అనే కంపెనీ కొన్నది. అక్కడా అంతే. పేరుకి విలువ ఉంది. ఆ పేరుకి విలువ తెచ్చిందెవరు? ముసలాయనకి అడక్కుండా ఇంకో సైజు కోటు తెచ్చిన ఆవిడే కదా! ఆవిడని తీసేసి ఆవిడ తెచ్చిన పేరు అమ్ముకున్నారు. బూహూ గ్రూపు ఇప్పుడు తన సొంత పేరు కూడా పక్కన పెట్టింది. 2025 నుంచి డెబెనమ్స్ గ్రూప్ అనే పేరుతో వ్యాపారం చేస్తోంది.

బూహూ బాగుపడిందా అంటే, అదీ లేదు. ఇంట్లో నాలుగు సైజులు తెప్పించుకుని మూడు వెనక్కి పంపే అలవాటు ఒకటి వచ్చింది కదా, ఆ రిటర్నుల ఖర్చు వాళ్ల నడుం విరిచింది. పైన షీన్ అనే ఇంకో ఆన్‌లైన్ బట్టల కంపెనీ వచ్చి ఇంకా చౌకగా కొట్టింది. ఏసాస్ వాళ్లు 2024లో టాప్‌షాప్‌లో ముప్పాతిక వాటా అమ్మేసుకున్నారు. రిటర్న్ అంటే ఏంటి అసలు? మనం ట్రయల్ రూమ్ బయట నిలబడి ఉచితంగా చేసిన పనికి ఇప్పుడు వాళ్లు లారీ ఖర్చు కడుతున్నారు.

"మరి ఆన్‌లైన్‌లో కొత్త ఉద్యోగాలొచ్చాయి కదా" అంటారు కొందరు. వచ్చాయి. గోడౌన్‌లో వచ్చాయి, డెలివరీ బండి మీద వచ్చాయి. ఊరి మధ్య దుకాణంలో పోయిన ఉద్యోగం, ఊరికి పాతిక మైళ్ల అవతల హైవే పక్క షెడ్డులో పుట్టింది. యాభై అయిదేళ్ల ఆవిడ అక్కడికి రాత్రి షిఫ్టుకి వెళ్లి, స్కానర్ పట్టుకుని, నడుస్తూ గంటకి ఇన్ని వస్తువులు తీయాలి. వెళ్తుందా? ఉద్యోగం ఎక్కడికో వెళ్తుంది, మనిషి ఇక్కడే ఉంటుంది. మన దగ్గరా అంతే. షాపులో మానేసిన కుర్రాడు బండెక్కి డెలివరీకి వెళ్లగలడు. మోకాళ్లు అరిగిపోయిన నాలాంటివాడు ఏ బండెక్కుతాడు? రేటింగ్ ఇస్తారట, అయిదుకి ఎన్ని అని.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఐర్లండ్. డెబెనమ్స్‌కి అక్కడ 11 షాపులుండేవి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మధ్యలో, షాపులు ఇక తెరవమని ఉద్యోగులకి ఈమెయిల్ వచ్చింది. ఈమెయిల్! ఇరవై, ముప్పై ఏళ్లు చేసినవాళ్లకి. వాళ్లకి అంతకుముందు కంపెనీతో ఒక ఒప్పందం ఉంది, ఉద్యోగం పోతే ఏడాది సర్వీసుకి నాలుగు వారాల జీతం అని. చట్టం ప్రకారం వచ్చేది దాదాపు అందులో సగం. కంపెనీ చట్టం వరకేనంది. వీళ్లేం చేశారు? షాపుల్లో ఇంకా సరుకు ఉంది. ఆ సరుకు బయటికి పోతే మన చేతిలో ఇంకేం లేదని, షాపు తలుపుల ముందు కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. వంతులవారీగా, రాత్రీ పగలూ, చలిలో, వానలో. ఎన్ని రోజులు అనుకుంటున్నారు? చెప్పండి. నెలా? మూడు నెలలా? 406 రోజులు!

గెలిచారా అంటే, పూర్తిగా గెలవలేదు. నాలుగు వారాలు రాలేదు. పోలీసులొచ్చి పక్కకి జరిపారు, సరుకు తీసుకుపోయారు. చివరికి ప్రభుత్వం 30 లక్షల యూరోలతో ఒక శిక్షణ నిధి ఇస్తామంటే, 2021 మేలో ఆపారు. నేను అబద్ధపు ఆశ పెట్టను. కానీ వాళ్లు ఒక్కటి సరిగ్గా పట్టుకున్నారు. పేరు కంపెనీది, భవనం వేరేవాడిది, డబ్బు ఎవరిదో, సరుకు ఒక్కటే ఎదురుగా ఉంది. దాని ముందు కూర్చున్నారు. బట్టల కొట్లో పనిచేసిన మనిషికి కదా సరుకు విలువ తెలిసేది.

ఇక మన సంగతి. కాగితం మీద మన చట్టం ఏమీ తీసిపోలేదు. రెండు రాష్ట్రాల్లోనూ 1988 నాటి దుకాణాల చట్టం ఉంది. దాని ప్రకారం ఆర్నెల్లు దాటి చేసినవాళ్లని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. ఏడాది దాటితే, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో చట్టం చెప్పేది ఇరవై రెండు నుంచి నలభై ఏళ్ల వయసులో చేసిన ఏడాదికి ఒక వారం జీతం, ఆపైన వయసులో చేసిన ఏడాదికి వారంన్నర. రోజుల లెక్కన మనదే ఎక్కువ! మరి ఎంతమందికి వచ్చింది? నాతో పాతికేళ్లు పనిచేసిన స్నేహితుడు ఒకడున్నాడు. షాపు పేరు చెప్పను, మీరు ఊహించుకోవద్దు. కరోనా మొదటి లాక్‌డౌన్ తర్వాత వెళ్తే, "మళ్లీ కబురు పెడతాం లే" అన్నారు. కబురు రాలేదు. వాడు కేసు వేద్దామని నా దగ్గరికొచ్చాడు. "నీ దగ్గర ఏముంది?" అన్నాను. పాతికేళ్లలో ఒక్క కాగితం లేదు. జీతం చేతికిచ్చేవాళ్లు. రిజిస్టర్‌లో పేరు మూడేళ్ల కిందటే ఎక్కించారట. పాతికేళ్ల మనిషి కాగితం మీద మూడేళ్ల మనిషి. వాడు పాపం, చీర విప్పితే కొంగు ఎక్కడ పడాలో అక్కడే పడేది.

ఇంగ్లండ్‌లో కంపెనీ దివాలా తీసినా, ఆ కోటు తెచ్చిన ఆవిడకి చట్టం ప్రకారం రావలసింది ప్రభుత్వ నిధి నుంచి వచ్చింది. ఎందుకు వచ్చింది? ఆవిడ ఏ రోజు చేరిందో రాసి ఉంది కాబట్టి.

అందుకని మీరు ఇంటికెళ్లాక ఒక పని చేయండి. ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి, ఈఎస్‌ఐ కార్డు తీయండి. చేరిన తేదీ ఏముందో చూడండి. మీరు నిజంగా చేరిన తేదీ, అక్కడున్న తేదీ ఒకటేనా? అపాయింట్‌మెంట్ లెటర్ ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... ఏడు. ఇంత హాల్లో ఏడుగురు. సరే, దించండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. టీ వస్తోందంటున్నారు. అదిగో, ఆ చివరి వరసలో పసుపు చున్నీ అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తుతూ దించుతూ ఉంది, లెటర్ ఉందని ఎత్తిందో, ఏదైనా అడగాలని ఎత్తిందో. చెప్పమ్మా. లేవక్కర్లేదు, కూర్చునే అడుగు.